సబా ద్వీపం: బీచే లేని కరీబియన్‌కి అమ్మని తీసుకెళ్లొచ్చా?

నర్సాపురం టు న్యూజెర్సీ | జనవరి 11

అందరికీ నమస్కారం. అమ్మ ఆర్నెల్లకని మా దగ్గరికి వచ్చింది. చలికి గుమ్మం దాటడం లేదు. "ఈ మంచు చూపించడానికా నన్ను రప్పించావు" అని రోజూ ఒకటే పాట. అందుకని ఫిబ్రవరిలో అందరం ఒక వారం కరీబియన్‌లో ఉన్న సింట్ మార్టెన్ ద్వీపానికి వెళ్తున్నాం. మా ఆవిడ మ్యాప్ చూస్తూ, దానికి దిగువన ఆవగింజంత ఉన్న సబా అనే ద్వీపాన్ని పట్టుకుంది. వారంలో మూడు రోజులు అక్కడే ఉందామంటోంది. దాని గురించి తెలుగులో వెతికితే నాకు ఒక్క ముక్క దొరకలేదు.

నా భయాలు ఇవీ. అమ్మకి అరవై నాలుగు, మోకాళ్ల నొప్పులు. అక్కడేమో ఎటు చూసినా కొండ, మెట్లు అంటున్నారు. విమానం దిగే వీడియో చూశాక నా కాళ్లే వణికాయి. ఇంత చేసి వెళ్తే బీచ్ కూడా లేదట! అమ్మ శనివారం నీసు ముట్టదు, అదొకటి. వీసా సంగతి డచ్ కాన్సులేట్‌లో కనుక్కున్నాను కాబట్టి ఆ గొడవ ఇక్కడ వద్దు. ఎవరైనా వెళ్లొచ్చిన వాళ్లుంటే చెప్పండి.

చార్మినార్ చాయ్ | జనవరి 11

అన్నా, బీచ్ లేని కరీబియన్ అంటే ముక్క లేని బిర్యానీ. అంత డబ్బు పోసి గుట్ట చూసి వస్తావా? గుట్టలు మా దగ్గర మస్తుగ ఉన్నయ్. అమ్మని సింట్ మార్టెన్‌లోనే గొడుగు కింద కూర్చోబెట్టు.

ఈతగాడు | జనవరి 11

నేను రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ డైవింగ్ కోసమే. చాయ్ గారు చెప్పింది సగం నిజం. ఇసుక తిన్నె కావాలనుకునేవాళ్లు సబా వెళ్లకూడదు. వెల్స్ బే అనే చోట వేసవికి ముందు కాస్త ఇసుక వచ్చి చేరుతుంది, శీతాకాలం అలలు దాన్ని మళ్లీ ఊడ్చుకుపోతాయి. ఫిబ్రవరిలో మీకు అక్కడ బండరాళ్లే కనిపిస్తాయి. విమానాశ్రయం పక్కన కోవ్ బేలో రాళ్లు అడ్డం పెట్టి చేసిన చిన్న మడుగులాంటిది ఉంది, పిల్లలు ఆడుకుంటారు. అంతే.

అసలు ద్వీపం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిద్రపోతున్న ఒక అగ్నిపర్వతం సముద్రంలోంచి నిలువుగా లేచింది. మొత్తం 13 చదరపు కిలోమీటర్లు. జనాభా రెండు వేలకి అటూ ఇటూ, అంటే మన వైపు ఒక మోస్తరు పల్లెటూరు. ఊళ్లు నాలుగే. రాజధాని పేరు 'ది బాటమ్', అడుగు అని అర్థం వస్తుంది కానీ అది సముద్ర మట్టానికి చాలా ఎత్తులో ఉంటుంది. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లం. గిన్నె అనే అర్థమున్న డచ్ మాట నుంచే ఆ పేరు వచ్చిందని చెప్తారు. దానికన్నా పైన విండ్‌వర్డ్‌సైడ్, చల్లగా ఉంటుంది, వచ్చినవాళ్లు ఎక్కువగా అక్కడే దిగుతారు. సెయింట్ జాన్స్ ఈ రెండింటికీ మధ్యన. నాలుగోది జయన్స్ హిల్, అంటే సీయోను కొండ. కానీ పాతవాళ్ల నోట ఇప్పటికీ హెల్స్ గేట్, నరకద్వారం. విమానం దిగి మీరు మొదట ఎక్కేది ఆ నరకద్వారమే, అమ్మకి అనువాదం చేసి చెప్పకండి.

ఇళ్లన్నీ తెల్ల గోడలు, ఎర్ర కప్పులు, కిటికీలకి ఆకుపచ్చ తలుపులు. పై నుంచి చూస్తే ఎవరో బొమ్మల కొలువు పెట్టినట్టుంటుంది.

నీళ్ల కింద సంగతి మాత్రం వేరు. ద్వీపం చుట్టూ సముద్రాన్ని 1987లోనే మెరైన్ పార్కు చేసి కాపాడుకుంటున్నారు. పడవలు లంగరు వేసి పగడాలను చెడగొట్టకుండా తేలే బోయలు కట్టి ఉంచారు, వాటికే కట్టాలి. సముద్రం అడుగు నుంచి స్తంభాల్లా లేచిన శిలలున్నాయి, వాటి కొసలు నీటిమట్టానికి ఇంకా చాలా లోతులోనే ఆగిపోతాయి. ఆ కొస చుట్టూ తిరుగుతూ కిందికి చూస్తే నీలం తప్ప ఏమీ ఉండదు. నేను రెండోసారి వెళ్లింది దానికోసమే.

విమానాల పిచ్చోడు | జనవరి 12

రన్‌వే గురించి నేను రాయకపోతే పాపం తగులుతుంది.

పొడవు దాదాపు 400 మీటర్లు. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు. అంటే పదో వంతు కూడా లేదు. మామూలుగా టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానాలు దిగే రన్‌వేల్లో ప్రపంచంలో ఇదే అతి చిన్నదని పేరు. రెండు కొసల్లోనూ కొండ తెగిపోయి కింద సముద్రం, ఒక పక్క నిటారు గుట్ట. జెట్ విమానాలు దిగలేవు. దిగేది ట్విన్ ఆటర్, 19 సీట్ల రెండు ప్రొపెల్లర్ల విమానం, తక్కువ చోటులో దిగడానికీ లేవడానికీ పుట్టిందే అది. అక్కడికి నడిపే పైలట్లకి ప్రత్యేక శిక్షణ ఉంటుంది. రన్‌వే రెండు చివర్లా పెద్ద 'ఎక్స్' గుర్తులు గీసి ఉంటాయి, మామూలు విమానాలకి ఇది మూసి ఉన్నట్టే లెక్క అని. అవి చూసి గుండెలు బాదుకోకండి.

దీని కథ ఇంకా బాగుంటుంది. ద్వీపం మొత్తంలో కాస్త చదునుగా ఉన్న జాగా ఒక్కటే, పేరు ఫ్లాట్ పాయింట్. పక్కనున్న సెయింట్ బార్ట్స్ ద్వీపం పైలట్ రెమీ డె హేనెన్ ఆ జాగా చూసి, శుభ్రం చేసిస్తే దిగుతానన్నాడు. ఊరివాళ్లు రాళ్లు ఏరి, గుంతలు పూడ్చి, చేతులతో చదును చేశారు. 1959 ఫిబ్రవరి 9న ఆయన దిగి చూపించాడు. తర్వాత సరైన రన్‌వే వేసి 1963లో ప్రారంభించారు.

సింట్ మార్టెన్ నుంచి పదిహేను నిమిషాల లోపే. నిజమైన ఇబ్బంది గాలి. గాలి గట్టిగా ఉంటే విమానం నడవదు. వెనక్కి వచ్చిన రోజే న్యూజెర్సీ ఫ్లైట్ పెట్టుకోకండి, మధ్యలో ఒక రాత్రి ఉంచుకోండి.

నర్సాపురం టు న్యూజెర్సీ | జనవరి 12

పిచ్చోడు గారూ, మీరు ధైర్యం చెప్తున్నారో భయపెడుతున్నారో తెలియడం లేదు. పడవ ఉందా?

ఈతగాడు | జనవరి 12

ఫెర్రీ ఉంది. గంటా పదిహేను నిమిషాల నుంచి గంటన్నర. కానీ అది నదిలో ప్రయాణం కాదండీ, నడి సముద్రం. శీతాకాలంలో అలలు లేస్తాయి. వాంతుల మాత్ర ముందే వేసుకోవాలి. వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు పడవ అనుకోండి, రెండూ చూసినట్టు అవుతుంది.

పల్నాటి డాక్టరమ్మ | జనవరి 13

ఈ చర్చ చూసి ఏళ్ల తర్వాత లాగిన్ అయ్యాను. ముందుగా ఒక మాట, అది సబా కాదు, సేబా. నేనూ మొదటి నెల సబా అనే అన్నాను, టాక్సీ ఆయన ప్రతిసారీ ఓపిగ్గా సరిదిద్దేవాడు.

నేను అక్కడ చదువుకున్నాను. ది బాటమ్‌లో ఒక మెడికల్ కాలేజీ ఉంది, 1990ల మొదట్లో పెట్టారు. అమెరికా, కెనడా పిల్లలే ఎక్కువ, అందులో మనలాంటి భారతీయ కుటుంబాల వాళ్లు కూడా ఉంటారు. ఐదు సెమిస్టర్లు, ఇరవై నెలలు ఆ కొండ మీద ఉన్నాను. కాబట్టి ఊరిని టూరిస్టులా కాకుండా అద్దెకున్న మనిషిలా చెప్తాను.

నీళ్లు: నదీ లేదు, చెరువూ లేదు. ప్రతి ఇంటి కప్పు మీద పడ్డ వాన గొట్టాల్లోంచి ఇంటి కిందనో పక్కనో ఉన్న తొట్టిలోకి చేరుతుంది. స్నానం, వంట, అన్నీ ఆ నీళ్లే. మా ఇంటి ఓనరమ్మ వారానికోసారి తొట్టి మూత తీసి, వెదురు కర్ర దించి, తడి ఎంతవరకు ఉందో చూసేది. కర్ర పొట్టిగా తడిస్తే ఆ వారం మా ముఖాల వంక అదోలా చూసేది. పల్నాడు దాన్ని, నీళ్ల విలువ నాకు నేర్పాలా? కానీ అక్కడ నేర్చుకున్నాను. మీరు కూడా షవర్ కింద పాటలు పాడకండి.

తిండి: సరుకులు పడవ మీద రావాలి. పడవ వచ్చిన రోజు కూరగాయలు కళకళలాడుతుంటాయి, రెండు మూడు రోజులు పోతే ఉల్లిపాయలు, క్యాబేజీ మిగులుతాయి. సముద్రం బాగాలేక పడవ రాకపోతే అవీ ఉండవు. శనివారానికి పప్పు, ఆవకాయ, ఒక చిన్న కుక్కర్ పట్టుకెళ్లండి, వంటగది ఉన్న కాటేజీ తీసుకోండి. మిగతా రోజుల్లో చేప, లాబ్‌స్టర్, మేక మాంసం. అక్కడి మేక కూర నాకు ఇంటి మీద బెంగ పుట్టించింది, కారం ఒక్కటే తక్కువ.

తిరగడం: నేనున్నప్పుడు బస్సు లేదు. టాక్సీ ఉంటుంది, లేదంటే రోడ్డు పక్క గోడ మీద కూర్చుంటే వచ్చే కారువాళ్లే ఆపి ఎక్కించుకుంటారు. అదక్కడ మామూలే. మొదటిసారి నన్ను ఎక్కించుకున్న ఆవిడ దిగేలోపు మా ఊరు, మా నాన్న ఉద్యోగం, నాకెందుకు పెళ్లి కాలేదు, అన్నీ అడిగింది. పల్నాడులో దిగినట్టే అనిపించింది.

ఆస్పత్రి చిన్నది. పెద్ద జబ్బు చేస్తే హెలికాప్టర్‌లోనో విమానంలోనో సింట్ మార్టెన్ తీసుకెళ్తారు. అమ్మగారి బీపీ, షుగర్ మందులు వారానికి సరిపడా కాదు, రెండు వారాలకి పెట్టుకోండి.

భాష ఇంగ్లీషే. డచ్ పాలన అయినా వీధిలో డచ్ వినపడేది తక్కువ. డబ్బు అమెరికన్ డాలర్లు. రాత్రుళ్లు కప్పలు ఈల వేస్తాయి. గోటి కన్నా కాస్త పెద్దవి అంతే, అరుపు మాత్రం ఊరంత. మొదటి రాత్రి ఏదో అలారం పాడైందనుకుని లేచి ఇల్లంతా వెతికాను.

అలిపిరి నడక | జనవరి 13

సబాలో మౌంట్ సీనరీ అనే కొండకి 1,064 మెట్లని చదివాను. అలిపిరిలో 3,550 ఎక్కే తెలుగువాళ్లకి ఇదొక లెక్కా? అమ్మగారు గోవిందా అనుకుంటూ ఎక్కేస్తారు.

ఈతగాడు | జనవరి 13

అయ్యా, దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. అలిపిరి మెట్లకి పైన కప్పుంది, మెట్టు మెట్టుకి ఒకే ఎత్తు, మధ్యలో మజ్జిగ దొరుకుతుంది. మౌంట్ సీనరీ మెట్లు ఒకటి జానెడు, ఇంకోటి మోకాలెత్తు. పైకి వెళ్లేకొద్దీ మబ్బుల్లో ఉండే అడవి, చెట్ల కాండాల నిండా నాచు, మెట్ల మీదా నాచు. దిగేటప్పుడు నేనే రెండుసార్లు కూలబడ్డాను. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి వద్దే వద్దు.

మీ ఆవిడ ఎక్కాలనుకుంటే పొద్దున్నే వెళ్లమనండి. ఎత్తు దాదాపు 880 మీటర్లు. తమాషా ఏమిటంటే నెదర్లాండ్స్ రాజ్యం మొత్తంలో ఎత్తైన చోటు ఇదే. యూరప్‌లో ఉన్న అసలు నెదర్లాండ్స్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ 322 మీటర్లే. దారిలో పాము కనపడితే భయపడొద్దు, అక్కడి పాములకి విషం లేదు. మచ్చల మచ్చల బల్లి ఒకటి కనిపిస్తుంది, ఆ జాతి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

రిటైర్డ్ సోషల్ మాస్టారు | జనవరి 14

"డచ్ పాలన" అని డాక్టరమ్మ గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. అది కొంచెం విప్పి చెప్పాలి.

1493లో కొలంబస్ ఈ ద్వీపాన్ని చూసి దిగకుండానే పోయాడు, దిగడానికి రేవే లేదు. 1640 ప్రాంతంలో పక్కనున్న సింట్ యుస్టేషియస్ నుంచి డచ్‌వాళ్లు మనుషుల్ని పంపి ఊరు కట్టించారు. తర్వాత ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు, మళ్లీ డచ్‌వాళ్లు, ఇలా చేతులు మారింది. ఇక్కడా బానిసలుండేవారు. డచ్ వలసల్లో బానిసత్వం రద్దయింది 1863 జులై 1న. తెల్లగోడలూ ఎర్రకప్పులూ అని ముచ్చటపడేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుండాలి.

చాలాకాలం నెదర్లాండ్స్ యాంటిలీస్ అనే గుంపులో ఒకటిగా ఉంది. ఆ గుంపు 2010 అక్టోబర్ 10న రద్దయింది. సింట్ మార్టెన్ సొంత ప్రభుత్వం పెట్టుకుంది. సబా, బొనెయిర్, సింట్ యుస్టేషియస్ మాత్రం నేరుగా నెదర్లాండ్స్ దేశంలోనే ప్రత్యేక మునిసిపాలిటీలయ్యాయి. అయినా అక్కడ చెల్లేది యూరో కాదు, 2011 నుంచి డాలరు. షెంగెన్ వీసా కూడా దీనికి వర్తించదు. యూరప్ వీసా ఉంది కదా అని బయల్దేరేవాళ్లు అది చూసుకోవాలి.

ఇక నాకు ఇష్టమైన కథ. రేవు లేని రోజుల్లో పడవలు లాడర్ బే దగ్గర ఆగేవి. అక్కడ రాతిలో చెక్కిన సుమారు 800 మెట్లు. బియ్యం మూట నుంచి పియానో దాకా, చివరికి చూడ్డానికొచ్చిన బిషప్‌ని కూడా, మనుషులే మోసుకుని పైకి ఎక్కించారని చెప్పుకుంటారు. ఊరి నుంచి ఊరికి కాలిబాటే. రోడ్డు వేద్దామంటే డచ్ ఇంజినీర్లు వచ్చి చూసి, ఈ వాలులో రోడ్డు పడదని తేల్చి వెళ్లిపోయారు. అప్పుడు జోసెఫస్ లాంబర్ట్ హాసెల్ అనే స్థానికుడు, వడ్రంగి, పోస్టులో పాఠాలు తెప్పించుకుని సివిల్ ఇంజినీరింగ్ చదివాడు. 1938లో పని మొదలైంది. యంత్రాలు లేవు. ఊరివాళ్లే రాళ్లు కొట్టి, గోడలు పేర్చి, 1943 నాటికి సముద్రపు ఒడ్డున ఉన్న ఫోర్ట్ బే నుంచి ది బాటమ్ దాకా తెచ్చారు. 1947లో మొదటి జీపు దిగింది. రోడ్డు మొత్తం పూర్తయ్యేసరికి 1958. ఇవాళ మీ టాక్సీ వెళ్లేది ఆ రోడ్డు మీదే. దానికి వేరే పేరు లేదు, 'ది రోడ్' అంటారు.

చార్మినార్ చాయ్ | జనవరి 14

మాస్టారూ, పోస్టులో చదివి రోడ్డు ఏసిండా! మా గల్లీలో కాంట్రాక్టర్ ఏ పోస్టులో చదివిండో, వానొస్తే రోడ్డే కనపడదు.

పల్నాటి డాక్టరమ్మ | జనవరి 15

నర్సాపురం గారూ, మీ పేరు చూసి ఇప్పుడు తట్టింది. మీ అమ్మగారికి లేసు అల్లడం వచ్చా? సేబాలో ఆడవాళ్లు లేసు కుడతారు. మా ఓనరమ్మ కూడా కుట్టేది. నేనున్నప్పుడు గురువారం మధ్యాహ్నాలు విండ్‌వర్డ్‌సైడ్‌లో కమ్యూనిటీ సెంటర్‌లో కొందరు కూర్చుని కుట్టేవారు, చూడ్డానికి ఎవరైనా వెళ్లొచ్చు.

నర్సాపురం టు న్యూజెర్సీ | జనవరి 15

లేసు అల్లడం వచ్చా అంటారేంటండీ! నా ఇంజినీరింగ్ మొదటి ఏడాది ఫీజు అమ్మ అల్లిన టేబుల్ క్లాత్‌లే. ఇప్పటికీ టీవీ చూస్తూ కూడా క్రోషే సూది కదులుతూనే ఉంటుంది. ఇది ముందే చెప్తే ఇన్ని రోజులు టెన్షన్ పడేవాణ్ణి కాదు. గురువారం కలిసేలా టికెట్లు మారుస్తున్నాను.

రిటైర్డ్ సోషల్ మాస్టారు | జనవరి 15

రెండు లేసులూ ఒకటి కావు. మన నర్సాపురం పని క్రోషే, కొక్కెం సూదితో దారాన్ని అల్లుకుంటూ పోతారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య, 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతం సరుకే అనే ముద్ర, కూడా వచ్చింది. సబా పని వేరు. గుడ్డలోంచి లెక్కపెట్టి పోగులు లాగేస్తారు, మిగిలిన పోగుల్ని సూదితో కట్టి పువ్వులు, నక్షత్రాలు తెస్తారు. 1870లలో గెర్ట్రూడ్ జాన్సన్ అనే ఆవిడ వెనిజులాలోని కరాకస్ కాన్వెంటులో నేర్చుకుని వచ్చి ఊళ్లో నేర్పింది. అందుకే దాన్ని 'స్పానిష్ వర్క్' అనేవారు.

అసలు తెలివి అమ్మకంలో ఉంది. సబా మగవాళ్లు ఓడల మీద పనికి వెళ్లిపోయేవారు, ఊళ్లో ఆడవాళ్లే. అమెరికా నుంచి దుకాణాలకి వచ్చే సరుకుల మీదుండే కంపెనీల చిరునామాలు రాసుకుని, ఆ కంపెనీలకి వీళ్లు ఉత్తరాలు రాశారు. అలా పోస్టు ద్వారా ఆర్డర్లు తెచ్చుకున్నారు. 1928 నాటికి ఏడాదికి సుమారు 15,000 డాలర్ల లేసు పంపేవారు. మధ్యలో దళారీ లేడు. మన గోదావరి జిల్లాల్లో అల్లే చేతికీ కొనే చేతికీ మధ్య ఎన్ని చేతులో అమ్మగారికే బాగా తెలుసు.

నిర్వాహకురాలు | జనవరి 16

చర్చ బాగా నడుస్తోంది. అలిపిరి, సబా మెట్ల మీద మొదలైన వాదనని వేరే చోటికి మార్చాను, అక్కడ కొట్టుకోండి.

నర్సాపురం టు న్యూజెర్సీ | ఫిబ్రవరి 24

వచ్చేశాం. అడిగినవాళ్లందరికీ ఒకేసారి రాస్తున్నాను, కొంచెం పొడుగే.

విమానం: అమ్మని పైలట్ వెనక సీట్లో కూర్చోబెట్టారు. మధ్యలో తలుపు కూడా లేదు, పైలట్ చేతులు కనపడుతుంటాయి. పది నిమిషాలు హాయిగా సముద్రం చూసింది. ఆ తర్వాత కొండ ఎదురుగా వచ్చేస్తోంది, పైలట్ ఇంకా తిప్పడం లేదు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. రెక్క పక్కనే రాళ్లు. తిరిగింది, దిగింది, ఇంజిన్లు ఒక్క అరుపు అరిచి ఆగింది. ఇంకా రన్‌వే మిగిలే ఉంది! అమ్మ కళ్లు తెరిచి "అయిపోయిందా?" అంది. నా మణికట్టు మీద గాజుల అచ్చు సాయంత్రం దాకా పోలేదు.

ఊరు: టాక్సీ ఆయనే మా గైడ్. నరకద్వారం మలుపుల్లో అమ్మ కళ్లు మూసుకుంది. విండ్‌వర్డ్‌సైడ్‌లో కాటేజీ. ఇంటి ముందు తోటలో రెండు సమాధులు, ఇంటివాళ్ల పూర్వీకులవి. మా ఆవిడ కంగారు పడింది కానీ అమ్మ మాత్రం "వాళ్ల పెద్దవాళ్లని వాళ్లింట్లో పెట్టుకున్నారు, నీకేం" అని అక్కడే అరుగు మీద కూర్చుని చిక్కుళ్లు వలిచింది. చిక్కుళ్లు ఎందుకంటే మేం వెళ్లినరోజే సరుకుల పడవ వచ్చింది. డాక్టరమ్మ గారికి దండాలు, కుక్కర్ చాలా పనికొచ్చింది. స్నానాల గదిలో "నీళ్లు వానవి, జాగ్రత్త" అన్న అర్థంతో ఒక కాగితం అంటించి ఉంది. అమ్మ అది నాతో చదివించుకుని, అప్పటి నుంచి నాకు రెండు చెంబులే లెక్క.

గురువారం: నలుగురు ఉన్నారు, అందరూ అమ్మ వయసుకి పైనే. ఒకావిడ ఒళ్లో చేటంత గుడ్డ, సూది మొనతో పోగులు లెక్కపెడుతోంది. పెదాలు కదులుతున్నాయి కానీ శబ్దం లేదు. అమ్మ కూడా అల్లేటప్పుడు అచ్చం అంతే. మేం వెళ్లి నిలబడ్డా ఆవిడ తలెత్తలేదు, లెక్క తప్పుతుందని. అమ్మ నన్ను మాట్లాడనివ్వలేదు, "ఉండు, వరస పూర్తవనీ" అంది.

పూర్తయ్యాక ఆవిడ ఒక రుమాలు అమ్మ చేతికిచ్చింది. నేను పువ్వు చూశాను. అమ్మ తిప్పి వెనక వైపు చూసింది, ముడి ఎక్కడ దాచారా అని. అమ్మ సంచిలోంచి తను అల్లిన డాయిలీ, అదే చిన్న లేసు గుడ్డ, తీసి ఇస్తే ఆవిడా ముందు వెనక్కే తిప్పింది. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. ఇక నాతో పని లేదు. గంటన్నర కూర్చున్నారు. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు, ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు.

చివర్లో మాత్రం అమ్మ ఒక ప్రశ్న అడగమంది. "ఇందులో ఏజెంటుకి ఎంత పోతుందో అడుగు." అడిగాను. ఆవిడకి నా ఇంగ్లీషు అర్థమైంది కానీ ప్రశ్న అర్థం కాలేదు. ఏ ఏజెంటు అంది. అది అమ్మకి చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు, రుమాలు ధర బేరమాడకుండా ఇచ్చేసింది. మా అమ్మ! బేరం ఆడకుండా!

పడవ: ఈతగాడు గారు చెప్పిందే నిజం. అమ్మ మా నర్సాపురం, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినట్టు ధీమాగా ఎక్కింది, మాత్ర వద్దంది. అరగంట తర్వాత "విమానమే నయం రా" అంది. ఇక మాటల్లేవు.

ఈతగాడు | ఫిబ్రవరి 24

మాత్ర గురించి లావు అక్షరాల్లో రాయాల్సింది. మీ ఆవిడ కొండ ఎక్కారా?

నర్సాపురం టు న్యూజెర్సీ | ఫిబ్రవరి 25

ఎక్కింది, ఒక్కతే. మూడు గంటల తర్వాత మోచేతుల దాకా బురదతో దిగింది. "పైన ఏముంది?" అని అమ్మ అడిగితే, "ఒక టవరుంది అత్తయ్యా, చుట్టూ మబ్బు. మరేమీ కనపడలేదు" అంది. మళ్లీ వెళ్దామని తనే అంటోంది.

చార్మినార్ చాయ్ | ఫిబ్రవరి 25

మొత్తం చదివిన అన్నా. కథ బాగుంది. నేనైతే అరూబా బుక్ చేసిన, బీచ్ ఉంది.

పల్నాటి డాక్టరమ్మ | ఫిబ్రవరి 25

నర్సాపురం గారూ, ఆ కుట్టే ఆవిడ కళ్లద్దాలకి ఒక పక్క దారం కట్టి ఉంటుందా? ఉంటే ఆవిడే మా ఓనరమ్మ.

నర్సాపురం టు న్యూజెర్సీ | ఫిబ్రవరి 26

నేను చూడలేదండీ. అమ్మని అడిగితే టక్కున చెప్పింది: ఎడమ పక్క, నీలం దారం.